రిపోర్టు నార్మల్, దడ మాత్రం పోలేదు

విశాఖపట్నంలో ఏ గుండె డాక్టరు ఓపీ బయటైనా కాసేపు కూర్చుంటే, లావుపాటి ప్లాస్టిక్ కవర్లు పట్టుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. కవర్లో ఏడాదిగా తీయించుకున్న ఈసీజీలు కట్టగా ఉంటాయి. గాజువాకలో ఒకటి, డాబాగార్డెన్స్‌లో ఒకటి, అర్ధరాత్రి గాభరాపడి క్యాజువాల్టీకి పరుగెత్తినప్పుడు తీసింది ఇంకొకటి. అన్నింటి మీదా రాసింది ఒకటే: నార్మల్. గుండెని స్కాన్ చేసి చూసే ఎకో రిపోర్టూ నార్మలే. డాక్టరు ప్రతిసారీ ‘ఏమీ లేదమ్మా, టెన్షన్ పడకండి’ అని పంపేశారు. రెండు వారాలు బాగానే గడుస్తాయి. ఓ రాత్రి నిద్ర పట్టే వేళకి గుండె మళ్లీ గుభేలుమంటుంది. మర్నాడు కవరు మళ్లీ బయటికొస్తుంది.

చిక్కంతా ఆ ‘ఏమీ లేదు’ దగ్గరే ఉంది. రోగికి ఏదో ఉందని స్పష్టంగా తెలుస్తోంది. ఛాతీలో ఏదో ఎగిరిపడినట్టు, ఒక్క క్షణం ఆగినట్టు, గొంతులోకొచ్చి కొట్టినట్టు అనిపించింది. అదేమీ లేదంటే అతనికి రెండే అర్థాలు తోస్తాయి: డాక్టరుకి దొరకలేదు, లేదా నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నాను. మొదటిది భయాన్ని పెంచుతుంది, రెండోది చిన్నతనంగా ఉంటుంది. చేయవలసిన పని వేరే ఉంది. ఆ అనుభూతి నిజమేనని ఒప్పుకోవాలి. అదెలా పుడుతోందో విప్పి చెప్పాలి. ప్రమాదం ఉందో లేదో ఒకసారి గట్టిగా తేల్చాలి. ఆ తర్వాత భయానికి విడిగా చికిత్స చేయాలి. మన దగ్గర పరీక్షలకి లోటు లేదు. విప్పి చెప్పడం, భయానికి వైద్యం చేయడం మాత్రం చాలా అరుదు.

ఆగినట్టు అనిపించినప్పుడు లోపల జరిగేది

పెద్దవాళ్ల గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజు మొత్తమ్మీద దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. గుండెలో పై గదులని కర్ణికలు, కింది గదులని జఠరికలు అంటారు. ప్రతిసారీ మొదటి సంకేతం కుడి కర్ణిక పైభాగంలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు నుంచి బయల్దేరుతుంది. అది కర్ణికల మీదుగా జఠరికలకి చేరాక అవి ముడుచుకుని రక్తాన్ని బయటికి నెడతాయి. గుండెలో మరికొన్ని చోట్ల ఉన్న కణాలు కూడా అప్పుడప్పుడు సొంతంగా సంకేతం పుట్టిస్తాయి. సైనస్ నోడ్ వంతు రాకముందే వాటిలో ఒకటి తొందరపడితే ఒక దెబ్బ ముందుగా పడుతుంది. దీన్నే ఎక్టోపిక్ బీట్ అంటారు. పై గదుల్లో పుడితే పీఏసీ, కింది గదుల్లో పుడితే పీవీసీ అని రిపోర్టుల్లో రాస్తారు.

ఈసీజీ కాగితం మీద దీన్ని చూసి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. డాక్టర్లు రోగికి కాగితం తిప్పి చూపిస్తే రెండు నిమిషాల్లో సగం భయం తగ్గే అవకాశం ఉంది. లేత గులాబీ గళ్ల కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. ఒక చిన్న గడి 0.04 సెకను, అలాంటివి ఐదు కలిసిన పెద్ద గడి 0.2 సెకను. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక నిటారు గీత నుంచి తర్వాతి గీత దాకా నాలుగు పెద్ద గళ్ల దూరం ఉంటుంది. నాలుగు, నాలుగు, నాలుగు అని సాగే వరసలో ఒకటి రెండున్నర గళ్లకే వచ్చేస్తుంది. పీవీసీ అయితే మిగతావాటిలా సన్నగా ఉండదు, వెడల్పుగా, వంకరగా ఉంటుంది. దాని తర్వాతిది ఐదున్నర గళ్లు దాటితేగాని రాదు. తర్వాత మళ్లీ నాలుగు, నాలుగు. ఆ రెండున్నరా ఈ ఐదున్నరా కలిపితే ఎనిమిది, అంటే రెండు మామూలు దెబ్బలకి పట్టే కాలమే. సైనస్ నోడ్ తన లెక్క ఎక్కడా తప్పలేదు.

ముందుగా పడిన దెబ్బ సమయానికి జఠరిక ఇంకా సరిగ్గా నిండలేదు. అందుకని మణికట్టు దగ్గర నాడి బలహీనంగా తగులుతుంది, లేదా అసలు తగలదు. చెయ్యి పెట్టి చూసుకుంటున్న మనిషికి గుండె ఆగిపోయినట్టు అనిపించేది ఇక్కడే. తర్వాత వచ్చే పొడవాటి ఎడంలో జఠరికలోకి మామూలు కన్నా ఎక్కువ రక్తం చేరుతుంది. దాన్నంతా నెట్టాలి కాబట్టి ఆ తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. గుభేలుమనేది అదే. అంటే మనిషిని బెదరగొట్టే ఆ పెద్ద దెబ్బ, నిజానికి గుండె మామూలు దారిలోకి వచ్చేసిందని చెప్పే దెబ్బ.

ఆరోగ్యవంతులకి 24 గంటలు, 48 గంటలు హోల్టర్ (ఒంటికి కట్టుకుని తిరిగే చిన్న ఈసీజీ పెట్టె) పెట్టి చూసిన అధ్యయనాల్లో 40 నుంచి 75 శాతం మందిలో పీవీసీలు కనిపించాయి. వాళ్లలో చాలామందికి అవి వస్తున్నట్టే తెలియదు. స్కాట్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని బర్న్లీ పట్టణంలో ప్రాక్టీసు చేసిన జేమ్స్ మెకంజీ 19వ శతాబ్దం చివర్లోనే నాడిని కాగితం మీద గీయించే పరికరంతో ఈ ముందు దెబ్బలని నమోదు చేశాడు. అలాంటి రోగులని ఏళ్ల తరబడి కనిపెట్టి చూసి, గుండెలో వేరే జబ్బు లేనివాళ్లకి వీటివల్ల ఆయుష్షు తగ్గడం లేదని తేల్చాడు. హృద్రోగ నిపుణులు నేటికీ రోగులకి చెప్పేది దాదాపు అదే.

మరి మాత్రలేసి వీటిని అణిచేస్తే పోతుంది కదా అని రోగులు అడుగుతారు. 1980ల్లో డాక్టర్లూ అలాగే అనుకున్నారు. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో పీవీసీలని మందులతో తగ్గిస్తే మరణాలు తగ్గుతాయన్న ఆశతో అమెరికాలో కాస్ట్ అనే పెద్ద అధ్యయనం చేశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ దెబ్బలని బాగానే అణిచాయి. కానీ 1991లో అచ్చయిన లెక్కల ప్రకారం మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే ఈ రెండు మందులతో ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది. వాళ్లు గుండెపోటు వచ్చినవాళ్లు, వారి సంగతి వేరు. అయినా ‘ఎక్స్‌ట్రా బీట్లకి మందు ఎందుకు రాయలేదు’ అని డాక్టరుని తప్పుపట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మందు రాయకపోవడం నిర్లక్ష్యం కాకపోవచ్చు.

దీనికొక హద్దుంది. రోజులో పడే మొత్తం దెబ్బల్లో పీవీసీలు 10 శాతం దాటుతుంటే, నెలల తరబడి అలాగే సాగితే, కొందరిలో గుండె కండరం బలహీనపడవచ్చు. వాళ్లకి మందులో, ఆ దెబ్బలు పుట్టే చోటుని కాల్చేసే అబ్లేషనో అవసరమవుతుంది. అందుకే హోల్టర్ రిపోర్టులో ఉండే ఆ శాతం ఎంతో అడిగి తెలుసుకోవాలి. ‘కొన్ని ఎక్స్‌ట్రా బీట్లున్నాయి’ అన్న మాటతో సరిపెట్టుకుంటే ఇంటికెళ్లాక అదే భయం పట్టుకుంటుంది.

ముందు తేల్చుకోవలసినవి

దడంతా టెన్షనే అనుకోవడం ఎంత తప్పో, దడంతా గుండెజబ్బే అనుకోవడం అంతే తప్పు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో దడతో వచ్చిన 190 మందిని పరీక్షించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో 43 శాతం మందికి గుండెకి సంబంధించిన కారణం, 31 శాతం మందికి ఆందోళన, పానిక్ (ఉన్నట్టుండి తీవ్రంగా కమ్ముకునే భయం) వంటి మానసిక కారణం దొరికాయి. 16 శాతం మందికి ఏ కారణమూ తేలలేదు. గుండెకి సంబంధించినవి అన్నవాటిలో పైన చెప్పిన ఎక్టోపిక్‌ల లాంటివి కూడా ఉంటాయి. కాబట్టి ఆ అంకె చూసి జంకనక్కర్లేదు. అలాగని ఒక్కసారి కూడా పరీక్ష చేయించకుండా ‘గ్యాస్ పట్టేసింది’ అని ఈనో తాగి పడుకోవడం మన ఇళ్లలో ఉన్న ప్రమాదకరమైన అలవాటు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన లక్షణాలని వేరు చేసి గుర్తుపెట్టుకోవాలి. దడతో పాటు స్పృహ తప్పినా, తప్పబోయినట్టు కళ్లు బైర్లు కమ్మినా, ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి చెయ్యికో దవడకో పాకినా, ఆయాసం వచ్చినా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. మెట్లెక్కుతుండగానో పరుగెత్తుతుండగానో దడ మొదలై కళ్లు తిరగడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం, ఇదివరకే గుండెపోటో వాల్వు జబ్బో ఉండటం, ఇవి కూడా ఆలస్యం చేయకూడనివే. గట్టిగా దగ్గితే గుండెపోటు నుంచి బయటపడొచ్చని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని నమ్మి కూర్చోవద్దు. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లు అలా దగ్గుతూ పోగొట్టుకునే నిమిషాలు చాలా విలువైనవి.

గుండె లయలో నిజమైన జబ్బులు రెండింటిని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో నాడికి వరస అనేదే ఉండదు. ఒక దెబ్బ దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంది. వయసు పైబడినవాళ్లలో, బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. దీనివల్ల కర్ణికలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లు పెరుగుతుంది. దీన్ని పట్టుకుంటే రక్తం పలచబరిచే మందులతో చాలావరకు నివారించవచ్చు. అరవై దాటిన అమ్మకో నాన్నకో దడగా ఉంటే, ‘వయసు మీద పడింది, అంతే’ అని ఊరుకోకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

రెండోది ఎస్‌వీటీ, అంటే గుండె హఠాత్తుగా విపరీతమైన వేగంతో కొట్టుకునే జబ్బు. స్విచ్చి వేసినట్టు ఒక్క క్షణంలో మొదలై నిమిషానికి 150 నుంచి 250 దాకా పోతుంది, అంతే హఠాత్తుగా ఆగిపోతుంది. భయంతో వచ్చే దడ సాధారణంగా మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది. ఈ తేడా డాక్టరుకి చెప్పకపోతే, ఈసీజీ తీసేసరికి దడ ఆగిపోయి ఉంటే, జబ్బు దొరకదు. 1997లో అమెరికాలో ఎస్‌వీటీ ఉన్న 107 మందిని వెనక్కి తిరిగి చూస్తే, వారిలో 67 శాతం మంది లక్షణాలు పానిక్ జబ్బు కొలతలకి సరిపోయాయి. మొదటి పరీక్షలో సగం మందికి పైగా అసలు జబ్బు తెలియలేదు. భయం, ఒత్తిడి అని కొట్టిపారేసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలోనూ, క్లినిక్కుల్లోనూ ఆడవాళ్ల దడని ‘ఊరికే కంగారుపడుతుంది’ అనేయడం ఎంత మామూలో అందరికీ తెలుసు. దడ వచ్చినప్పుడే తీసిన ఒక్క ఈసీజీ, బాగున్నప్పుడు తీసిన పది ఈసీజీల కన్నా ఎక్కువ చెబుతుంది. అందుకే దడ ఇంకా ఉండగానే దగ్గర్లో ఉన్న ఏ చిన్న ఆస్పత్రిలోనైనా ఈసీజీ తీయించి కాగితం దాచుకోవాలి.

గుండె బయటి కారణాలూ చాలా ఉన్నాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే అదే పనికి గుండె ఎక్కువ సార్లు కొట్టుకోక తప్పదు. మర్రిపాలెంలో మూడో అంతస్తుకి నీళ్ల బిందె మోసే ఆవిడకి దడ వస్తే ముందు చూడాల్సింది రక్తపరీక్ష. థైరాయిడ్ ఎక్కువైనా, థైరాయిడ్ మాత్ర మోతాదు మించినా దడే. ఆస్తమా పంపులు, జలుబు మాత్రలు, గుట్కా, ఖైనీ, సిగరెట్, రాత్రి తాగిన మందు, జ్వరం, నెలసరి ఆగే వయసు, అన్నీ దడ పెంచేవే. విశాఖ వేసవిలో ఉక్కపోతకి చెమట ధారగా కారి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే, లేచి నిలబడగానే గుండె వేగం పెరుగుతుంది. పొటాషియం, మెగ్నీషియం తగ్గితే ఎక్టోపిక్‌లు ఎక్కువవుతాయి. కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, రక్తంలోని లవణాలు చూసే ఎలక్ట్రోలైట్లు, ఒక ఈసీజీ, ఒక 2డి ఎకో, అవసరమైతే హోల్టర్: ఒక మంచి మూల్యాంకనం అంటే దాదాపు ఇంతే.

హోల్టర్ గురించి ఒక మాట. ఛాతీ మీద స్టిక్కర్లు అంటించి, వాటి వైర్లని నడుముకి కట్టిన చిన్న పెట్టెకి కలుపుతారు. మన ఉక్కకి మధ్యాహ్నానికల్లా చెమట పట్టి స్టిక్కరు అంచు లేస్తుంది. లేచిందంటే ఆ గంటల రికార్డు పోయినట్టే. పెట్టించుకునే ముందు స్నానం చేసి, పౌడరూ నూనే రాసుకోకుండా వెళ్లాలి. స్టిక్కరు ఊడితే ఏం చేయాలో టెక్నీషియన్‌ని ముందే అడగాలి. చాలామంది ఆ రోజు భయపడి కదలకుండా మంచం మీదే ఉండిపోతారు. అలా చేస్తే పరీక్ష దండగ. రోజూ ఏం చేస్తారో అవే చేయాలి, రోజూ ఎక్కే మెట్లు ఎక్కాలి. ఇచ్చిన కాగితంలో దడ వచ్చిన టైము నిమిషాలతో సహా రాయాలి. రిపోర్టు వచ్చాక మనం రాసిన టైముకి గుండె గీత ఏం చూపిందో సరిపోల్చమని అడగాలి. 11:40కి ‘ప్రాణం పోయేట్టుంది’ అని రాసినచోట ఒకే ఒక్క పీఏసీ కనబడటం, లేదా ఏమీ కనబడకపోవడం, రోగి కళ్లతో చూస్తే ఎంత ఓదార్పో మాటల్లో చెప్పలేం.

భయం గుండెని కాపలా కాస్తుంటే

ఇంత జరిగాక కూడా భయం పోనివాళ్లు ఉంటారు. ఈ వ్యాసం ప్రధానంగా వాళ్ల కోసమే.

1871లో జేకబ్ డకోస్టా అనే అమెరికన్ వైద్యుడు అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికుల గురించి రాశాడు. దడ, ఛాతీ నొప్పి, ఆయాసం, నీరసం, ఇవన్నీ ఉన్నాయి గానీ గుండెలో జబ్బు కనబడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే సమస్య వేల మంది సైనికులకి వచ్చింది. తుపాకులకి ఎదురెళ్లినవాళ్లకే వచ్చిందంటే ఇది పిరికితనం కాదని ఒప్పుకోక తప్పదు. మానసిక శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్ నడకని స్పష్టంగా వివరించాడు. శరీరంలో ఒక మామూలు మార్పు జరుగుతుంది. మనసు దాన్ని రాబోయే ఘోరానికి గుర్తుగా చదువుతుంది. ఆ తలంపుతో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది, ఎక్టోపిక్‌లూ పెరగవచ్చు. అది చూసి ‘అనుకున్నంతా అయింది’ అనిపిస్తుంది. ఊపిరి గబగబా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ‘ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది’ అనగానే ఇంట్లో అందరి ముఖాలూ మారిపోతాయి. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి తర్వాత దిగడం మొదలవుతుంది. ఆస్పత్రికి చేరేసరికి తగ్గిపోయేది అందుకే.

రాత్రిళ్లు ఎక్కువ తెలియడానికీ కారణముంది. ఫ్యాన్ చప్పుడు తప్ప మరేదీ వినబడని గదిలో, ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె కొస ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది, దిండు మీద ఆనిన చెవిలో నాడి వినబడుతుంది. అలా పడుకున్నప్పుడు దెబ్బ దెబ్బా లెక్కపెట్టే మనిషికి ఏ గుండె అయినా అనుమానంగానే వినిపిస్తుంది. నాడి పట్టుకుని చూసుకునేవాళ్లని భయపెట్టేది ఇంకొకటి: ఊపిరి పీలిస్తే గుండె కొంచెం వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. చిన్న వయసువాళ్లలో ఇది బాగా తెలుస్తుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న గుండె చేసే పని.

ఈ తరానికి భయాలు బయటినుంచీ వస్తున్నాయి. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయారు. 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి అలాగే వెళ్లిపోయారు. జిమ్ముల్లో, పెళ్లి వేదికల మీద కుప్పకూలినవాళ్ల వీడియోలు ప్రతి ఫోన్‌లోకీ వచ్చాయి. అవి చూసినవాళ్లు తమ ఛాతీ మీద చెయ్యి వేసుకోవడం సహజం. కానీ గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోవడం. బాగున్న గుండెలో అప్పుడప్పుడు పడే ముందు దెబ్బలకీ దానికీ సంబంధం లేదు. గుండెపోటు రాకుండా చూసుకోవాలంటే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, ఈ నాలుగింటి సంగతి చూడాలి. నాడి లెక్కపెట్టడం దేనినీ ఆపదు.

కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంకా చాలా ఇళ్లలో మంచం పక్కనే ఉంది. దాని పక్కన ఇప్పుడు స్మార్ట్‌వాచీ చేరింది. వాచీ వల్ల మేలు లేదనలేం. 4 లక్షల 19 వేల మందితో చేసి 2019లో ప్రచురించిన యాపిల్ హార్ట్ స్టడీలో నాడి సరిగా లేదన్న హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. వాళ్లలో తర్వాత ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనబడింది. అరవై దాటినవాళ్లకి అది పనికొచ్చే సమాచారం. ముప్ఫై ఏళ్ల ఐటీ ఉద్యోగి రుషికొండలో రాత్రి షిఫ్టు మధ్యలో పదేసి సార్లు మణికట్టు చూసుకుంటే, 88 కనబడినా భయమే, 58 కనబడినా భయమే. చూసుకున్న మరుక్షణం వచ్చే ఊరట కాసేపే ఉంటుంది. కానీ ఆ ఊరట కోసమే మెదడు మళ్లీ చూడమంటుంది. నాడి పట్టుకోవడం, గూగుల్‌లో వెతకడం, ‘నాకేం కాదు కదా’ అని భార్యని పదేపదే అడగడం, నెలకో ఈసీజీ తీయించడం, ఇవన్నీ అదే పని రకరకాలుగా చేయడం. భయాన్ని బతికిస్తున్నది ఇవేనని రోగికి అర్థమయ్యేలా చెప్పినవాళ్లు బహుశా ఉండరు.

తగ్గించుకునే పని

పరీక్షలు పూర్తయ్యాక చూసుకోవడం మానాలి. ఒక్కసారిగా మానడం చాలామందికి సాధ్యం కాదు. కాబట్టి వాయిదాతో మొదలుపెట్టవచ్చు. చెయ్యి మణికట్టు మీదకి పోగానే ‘పదిహేను నిమిషాల తర్వాత చూస్తా’ అనుకుని చేతిలో ఉన్న పని చేయాలి. పదిహేను నిమిషాలకి కోరిక తగ్గకపోతే ఇంకో పదిహేను. ఆక్సీమీటరు బీరువాలోకి, వాచీ రాత్రిళ్లు వేరే గదిలోకి పోవాలి. దడ వచ్చినప్పుడు దాన్ని ఆపాలని పెనుగులాడితే పెరుగుతుంది. ‘ఇది ముందు దెబ్బ, తర్వాతిది గట్టిగా పడుతుంది, పడింది’ అని దాని వరస దానికి వదిలేసినవాళ్లకి త్వరగా దిగుతుంది. ఊపిరి పీల్చిన దానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా ఐదు నిమిషాలు మెల్లగా తీస్తే గుండె వేగం తగ్గడానికి సాయపడుతుంది. అయితే శ్వాస వ్యాయామాన్ని కూడా ప్రాణం కాపాడే తాయెత్తులా పట్టుకుంటే అదీ ఇంకో కాపలాగా మారుతుంది.

ఆలోచననీ అలవాటునీ మార్చే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో అన్నిటికన్నా పనిచేసే భాగం, కావాలని దడ తెచ్చుకోవడం. వినడానికి వింతగా ఉంటుంది. దడకి భయపడ్డవాళ్లు మెట్లెక్కడం నెమ్మదిగా మానేస్తారు, బీచ్ రోడ్డు నడక మానేస్తారు, కైలాసగిరికి మెట్ల దారిలో వెళ్లేవాళ్లు కారులోనో రోప్‌వేలోనో వెళ్తారు, ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లు ఈసారికి వద్దనుకుంటారు. అలవాటు తప్పిన ఒంటికి రెండు అంతస్తులెక్కినా గుండె గట్టిగా కొట్టుకుంటుంది, దానితో భయం ఇంకా బలపడుతుంది. గుండె బాగుందని డాక్టరు ధ్రువీకరించాక దీన్ని తిరగేయాలి. మొదట ఒకే చోట నిలబడి ఒక నిమిషం అడుగులు వేగంగా వేయాలి. గుండె వేగం పెరుగుతుంది, అది దానంతటదే దిగే దాకా నాడి ముట్టుకోకుండా కూర్చోవాలి. తర్వాత అపార్ట్‌మెంటు మెట్లు. తర్వాత తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో చురుకైన నడక, వెంట మంచినీళ్లూ తోడుగా మనిషీ లేకుండా. దడ వచ్చింది, ఏమీ కాలేదు, తగ్గింది, అన్న అనుభవం ఎన్నిసార్లు జరిగితే మెదడు అంతగా నమ్ముతుంది. మాటలతో చెప్పిన ధైర్యం అంత దూరం పోదు.

కాఫీ సంగతి అందరూ అడుగుతారు. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొద్దున్నే ఆ గ్లాసు లేకపోతే రోజు మొదలవనివాళ్లు విశాఖలో తక్కువేం లేరు. 2023లో ప్రచురించిన ఒక అమెరికన్ ప్రయోగంలో 100 మంది ఆరోగ్యవంతులు కొన్ని రోజులు కాఫీ తాగి, కొన్ని రోజులు మానేశారు. పీఏసీల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పీవీసీలు రోజుకి సగటున 102 నుంచి 154కి పెరిగాయి. కాఫీ తాగిన రోజుల్లో నడక వెయ్యి అడుగులు ఎక్కువ, నిద్ర 36 నిమిషాలు తక్కువ. అంటే పీవీసీలతో ఇబ్బంది పడేవాళ్లు రెండు వారాలు మానేసి తేడా చూసుకోవచ్చు, తేడా లేకపోతే మళ్లీ తాగవచ్చు. స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకునేవాళ్లకి ఆ నిద్ర లెక్కే ముఖ్యం. చీకటి గది, నిద్రకి ముందు ఐదారు గంటలు కాఫీ టీలు లేకపోవడం వాళ్ల దడకి చేసే మేలు తక్కువది కాదు.

ఎస్‌వీటీ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గర ఒక పద్ధతి నేర్చుకోవాలి. సగం వాలి కూర్చుని 15 సెకన్లు బిగబట్టి ఊది, వెంటనే వెల్లకిలా పడుకుని ఎవరితోనైనా కాళ్లు పైకెత్తించుకోవడం. 2015 నాటి రివర్ట్ అధ్యయనంలో ఇలా చేసినవారిలో 43 శాతం మందికి గుండె మామూలు లయకి వచ్చింది, పాత పద్ధతిలో ఊదినవారిలో 17 శాతానికే.

మందుల విషయంలో మన దగ్గర జరుగుతున్న ఒక తప్పు గట్టిగా చెప్పాలి. దడకి అల్‌ప్రజోలమ్ అనే గాభరా తగ్గించే మాత్ర రాయించుకుని, తర్వాత అదే చీటీతో నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు. అది ఆ పూటకి హాయిగా ఉంటుంది, అలవాటైపోతుంది. హఠాత్తుగా ఆపితే దడ రెట్టింపై తిరిగొస్తుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకుండా డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ కొందరికి బాగా పనిచేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకోకూడదు, కాబట్టి పక్కింటాయన మాత్ర అడిగి వేసుకోవద్దు. డిప్రెషన్‌కీ ఆందోళనకీ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు పానిక్‌కి మంచివే. మొదటి ఒకటి రెండు వారాల్లో గాభరా కొంచెం పెరగవచ్చని ముందే చెబితే చాలామంది మధ్యలో మానరు.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతారు. గుండె కోసం 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రికి, హనుమంతవాకలోని విమ్స్‌కి, ప్రైవేటు ఆస్పత్రులకి జంకు లేకుండా వెళ్తారు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెబితే మాత్రం ‘నాకేమన్నా పిచ్చా’ అంటారు. ఈ ఒక్క మాట వల్ల ఏళ్ల తరబడి తప్పు తలుపు తడుతున్నవాళ్లున్నారు. అక్కడి ఓపీకి దడ, గాభరా, నిద్ర పట్టకపోవడంతో వచ్చేవాళ్లూ ఉంటారు. అక్కడిదాకా వెళ్లలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబర్ నుంచి ఆ సేవ నడుస్తోంది. గుండె డాక్టరు తన చీటీ మీదే ‘గుండె బాగుంది, భయానికి మానసిక వైద్యుణ్ని కలవండి’ అని రాసి పంపితే ఈ జంకు చాలా తగ్గుతుంది. డాక్టరు ఆ మాట రాసినందుకు రోగులు నొచ్చుకుంటారని వెనకాడటం వాళ్లకి మేలు చేయడం లేదు.

ఇంట్లోవాళ్లు రోజుకి పదిసార్లు ‘ఏం కాదులే’ అంటూ నాడి పట్టి చూడటం మానాలి. ‘ఊరికే భయపడతావేంటి’ అని విసుక్కోవడమూ మానాలి. ‘దడగా ఉందా? సరే, డాక్టరు చెప్పింది గుర్తుంది కదా, పద, కూరగాయలు కోద్దాం’ అంటే సరిపోతుంది. మళ్లీ పరీక్షలకి వెళ్లాల్సింది దడ తీరు మారినప్పుడు: కొత్తగా స్పృహ తప్పితే, శ్రమలో కళ్లు తిరిగితే, నాడికి వరసే లేకుండా గంటల తరబడి సాగితే, ఆయాసమో కాళ్ల వాపో కొత్తగా వస్తే. పాత గుభేలు పాత తీరుగానే వస్తుంటే ఆ పాత కవర్లోని రిపోర్టులే ఇంకా చెల్లుతాయి. పీవీసీలు ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన గడువుకి ఒకసారి ఎకో, హోల్టర్ తీయించుకోవాలి, మధ్యలో అక్కర్లేదు.